విశాఖ జంతు ప్రదర్శనశాల: కుటుంబ సందర్శనలో విజ్ఞాన శాస్త్ర బోధన

విశాఖపట్నం: కనుమ పండుగ నాడు నగర ప్రజలు కుటుంబ సమేతంగా తరలి వెళ్ళే ప్రదేశాలలో ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ముఖ్యమైనది. ఓడరేవు కార్మికులు, ఉక్కునగరం ఉద్యోగులు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి వచ్చిన రైతు కుటుంబాలు, పొరుగున ఉన్న ఒడిశా యాత్రికులు టిక్కెట్ల కోసం బారులు తీరుతారు. సాయంత్రానికి అందరూ ఆనందంగానే ఇళ్ళకు తిరిగి వెళతారు. అయితే వారి వెంట వచ్చిన పిల్లలు ఆ రోజు కొత్తగా ఏమి తెలుసుకున్నారన్నది ఆలోచించవలసిన విషయం.

1977 మే 19న ప్రారంభమైన ఈ ప్రదర్శనశాల కంబాలకొండ అటవీ ప్రాంతంలో 625 ఎకరాల విస్తీర్ణంలో ఏర్పాటైనది. మూడు వైపుల తూర్పు కనుమలు, నాలుగవ వైపు బంగాళాఖాతం ఉండటం దీని ప్రత్యేకత. దేశంలోని జంతు ప్రదర్శనశాలల పర్యవేక్షణకు 1992లో కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడినది. 1998లో ప్రకటించిన జాతీయ విధానం వన్యప్రాణుల పరిరక్షణతో పాటు, సందర్శకులలో వాటి పట్ల అవగాహనను, సానుభూతిని పెంపొందించడం కూడా ఈ సంస్థల బాధ్యతగా పేర్కొన్నది. బోర్డులు రాయించడం, ఎన్‌క్లోజర్లు తీర్చిదిద్దడం వరకు అధికారుల పని. ఆ బోర్డు ముందు పిల్లవాడిని నిలబెట్టి మాట్లాడించవలసినది మాత్రం తల్లిదండ్రులే.

సాధారణంగా జరుగుతున్నది వేరు. "అదిగో పులి, ఇదిగో సింహం" అని పేర్లు చెప్పి, నిద్రిస్తున్న జంతువును లేపమని కేకలు వేసి, ఫొటో తీసుకుని ముందుకు సాగిపోవడంతో అర నిమిషంలో ముగిసిపోతుంది. యాభై జంతువులను అర నిమిషం చొప్పున చూసినవారి కంటే ఐదు జంతువులను పది నిమిషాల చొప్పున చూసినవారికే ఎక్కువ తెలుస్తుందనడంలో సందేహం లేదు.

జింకల ఎన్‌క్లోజర్లు ఇందుకు చక్కని పాఠశాల. తెలుగులో చుక్కల జింకను, కృష్ణజింకను ఒకే మాటతో జింక అనే పిలుస్తాము. శాస్త్రరీత్యా ఇవి రెండు వేర్వేరు కుటుంబాలకు చెందినవి. చుక్కల జింకలో మగదానికి మాత్రమే కొమ్ములు ఉంటాయి. అవి కొమ్మలుగా చీలి ఉంటాయి, ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. మొలిచే దశలో వాటిపై మెత్తని నూగు చర్మం కప్పి ఉంటుంది. కణితి కొమ్ములూ ఇటువంటివే. కృష్ణజింక కొమ్ము మెలి తిరిగి ఉంటుంది కాని చీలదు, జీవితాంతం రాలదు. లోపల ఎముక, పైన మన గోటి వంటి పదార్థపు తొడుగు. ఈ విధంగా చూస్తే కృష్ణజింక మన పెరటిలోని ఆవుకు, మేకకు దగ్గర బంధువు. ఈ ఒక్క తేడాను పిల్లవాడు తనంతట తాను పసిగడితే వర్గీకరణ శాస్త్రంలో తొలి అడుగు వేసినట్లే.

పేర్లు మనలను పొరబాటు పట్టించడం ఇక్కడితో ఆగదు. అడవిదున్న పేరులో దున్న ఉన్నప్పటికీ అది గేదె జాతికి కాక ఆవుల ప్రజాతికి చెందినది. నీల్‌గాయి పేరులో గోవు ఉన్నది, జంతువు మాత్రం గోవు కాదు.

ఎక్కువ మంది గుమిగూడే చోటు తెల్లపులి ఎదుట. మంచు దేశాల పులి కనుక తెల్లగా ఉన్నదని చెప్పే పెద్దలు కనిపిస్తూనే ఉంటారు. వాస్తవానికి ఇది ప్రత్యేక జాతి కాదు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటిగా రెండు అంతర్గత జన్యువులు కలిసినప్పుడే ఈ రంగు వస్తుంది. ఆ జన్యువును మోస్తున్న రెండు మామూలు పులులకు పుట్టే ప్రతి కూనకు తెల్లగా ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. 1951లో రీవా అడవులలో పట్టుబడిన మోహన్ అనే మగ కూన సంతతే నేడు బందీ స్థితిలో ఉన్న తెల్లపులులలో అత్యధికం. దగ్గర రక్త సంబంధంలో సంతానోత్పత్తి జరిపినందున పలు లోపాలు వీటిలో వచ్చాయి. మేనరికాల గురించి వైద్యులు చేసే హెచ్చరికకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ పిల్లలకు దొరకదు.

జనం అంతగా ఆగని చోట రేచుకుక్కలు ఉన్నాయి. ఒకప్పుడు ఆంగ్లేయుల పాలనలో వీటిని చంపినవారికి బహుమతులు ఇచ్చేవారు. నేడు ఇవి ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవి. వీటి సంరక్షణ, సంతానోత్పత్తి కేంద్రం విశాఖలోనే నడవడం నగరవాసులలో చాలామందికి తెలియదు. ఈలల వంటి ధ్వనులతో గుంపును కూడగట్టుకునే ఈ జంతువుల ముందు పిల్లలను కాసేపు నిశ్శబ్దంగా నిలబెట్టడం మంచిది.

సాగర్‌నగర్ తీరం ఇక్కడికి దగ్గరే. శీతాకాలం, వేసవి ఆరంభంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు విశాఖ తీరంలో గుడ్లు పెడతాయి. పిల్ల ఆడదా, మగదా అన్నది ఇసుక వేడిమిని బట్టి నిర్ణయమవుతుంది. సుమారు 29, 30 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కితే ఆడ పిల్లలే అధికం. మొసలి గుడ్ల విషయంలోనూ ఉష్ణోగ్రతదే నిర్ణయం. ఉదయం మొసలిని చూసిన బాలుడికి సాయంత్రం ఇసుకలో కూర్చోబెట్టి భూతాపం గురించి చెబితే పాఠ్యపుస్తకం కంటే బాగా మనసుకు పడుతుంది.

ప్రదర్శనశాలకు ఉన్న పరిమితిని దాచనవసరం లేదు. వేట, వలస, ఆహారాన్వేషణ ఇక్కడ కనిపించవు. కంచె వెనుక అటూ ఇటూ పదే పదే తిరిగే జంతువును చూసి "ఎందుకలా తిరుగుతోంది?" అని పిల్లవాడు అడిగితే, అది ఒత్తిడికి సూచన కావచ్చునని నిజాయితీగా చెప్పాలి. 2023 నవంబరులో ఇదే ప్రదర్శనశాలలో ఎలుగుబంటి దాడిలో ఒక సంరక్షకుడు ప్రాణాలు కోల్పోయారు. రోజూ ఆహారం అందించే చేతిని గుర్తుపట్టినంత మాత్రాన అడవి జంతువు పెంపుడు జంతువు కాదు. కుక్క, పశువు మనిషికి మచ్చిక కావడానికి వేల సంవత్సరాలు, ఎన్నో తరాల ఎంపిక అవసరమయ్యాయి. కంచెపై చేతులు పెట్టరాదు, రాళ్ళు వేయరాదు, తినుబండారాలు విసరరాదు అన్న నిబంధనలకు కారణం ఇదేనని వివరించి చెబితే పిల్లలు పాటిస్తారు. పెద్దలు పాటిస్తే మరీ మంచిది.

ఇంటికి చేరిన తరువాత చూడవలసినది మరొకటి ఉన్నది. 2018 నుండి రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పంజరంలో పెంచడం నేరం. వసారాలో చిలుక పంజరం వేలాడుతున్న ఇంటిలో పిల్లలు అడిగే ప్రశ్నకు సమాధానం ఇవ్వడం పెద్దలకు కష్టమే.

ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. ఎండ ముదరక ముందే, ఉదయం వేళ వెళితే జంతువులు చురుకుగా తిరుగుతూ కనిపిస్తాయి.