సీసామీది పేరు - నాలుక తీర్పు

ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున లాంగ్‌డాక్ అను సీమ కలదు. అచ్చటి సామాన్యగృహస్థుడు బంధువులను భోజనమునకు పిలిచి, నాలుగైదు యూరోల ఎర్ర ద్రాక్షాసవపు సీసా నొకదానిని, అంతకు పదిరెట్లు వెలగల సీసాను మరియొకదానిని బల్లమీద నుంచి, రెంటిని పాత వార్తాపత్రికలో చుట్టివేసె ననుకొందము. ఏది యేదియో వచ్చినవారు చెప్పవలెను. ఈ వినోదము ఆ దేశమున క్రొత్తది కాదు. గ్రుడ్డిగా రుచిచూచుట యని వారి భాషలో దీనికి పేరు.

రుచిచూచుటకు ఒక పద్ధతి యున్నది. గ్లాసులో మూడవవంతుకు మించి పోయరు. తెల్లని గుడ్డకు ఎదురుగా వంచి రంగు చూతురు. అంచున ఊదాఛాయ యున్నచో లేతది. ఇటుకరంగు తిరిగినచో ఏండ్లు గడచినది. పిదప గ్లాసును మెల్లగా త్రిప్పి వాసన చూచి, చిన్న గ్రుక్క తీసికొని నోట నిలుపుదురు. అప్పుడు నాలుకను, చిగుళ్లను పట్టుకొను గుణ మొకటి తెలియును. దానిని వర్ణించుటకు ఇతరభాషలవారు ఎన్ని పాట్లు పడుదురో గాని, నేరేడుపండు తిన్న తెలుగుబాలునకు 'వగరు' అన్న నొక్కమాట చాలును. ఆ వగరు ద్రాక్షతొక్కలనుండియు గింజలనుండియు వచ్చునది. ఎరుపును తొక్కదే, నల్లద్రాక్షలలో పెక్కింటి రసము తెల్లనిదే. వృత్తిగా రుచిచూచువారు గ్రుక్కను మ్రింగక ఉమ్మివేయుదురు. రుచి యెరుగుటకు మత్తుతో పని లేదు గదా!

ఇంతవరకు నాలుక పని. కాగితము విప్పి పేరు చదివిన క్షణమున మనస్సు వచ్చి నాలుక స్థానమున కూర్చుండును. బోర్డో నగరమున ఆసవశాస్త్రము చదువు విద్యార్థులు 54 మందికి ఒక పరీక్ష పెట్టిరి. తెల్లని ఆసవములో రుచిలేని ఎర్రరంగు కలిపి యిచ్చిరి. వారు దానిని ఎర్రపండ్లకు, నల్లపండ్లకు చెల్లు మాటలతో వర్ణించిరి. తెల్లనిదానికి వారే అంతకుముందు వాడిన మాటలు ఎటుపోయినవో! ఈ ఫలితము 2001 లో ప్రకటింపబడినది. 2008 లో అమెరికాలో కాలిఫోర్నియా పండితులు మరియొక పరీక్ష చేసిరి. ఒకే ఆసవమును 10 డాలర్లదని ఒకమారు, 90 డాలర్లదని వేరొకమారు చెప్పి యిచ్చిరి. వెల హెచ్చుగా చెప్పినప్పుడు త్రాగినవారు ఎక్కువ బాగున్న దనుటయే కాదు. సుఖానుభవమునకు సంబంధించిన మెదడుభాగము సయితము ఎక్కువ చలించినట్లు యంత్రము చూపినది. అనగా వారు బొంకలేదు. వెల నిజముగనే వారికి తీపియైనది. ఇదియే ఆలోచింపదగిన సంగతి. దంభమైనచో మందలించి మాన్పవచ్చును. నమ్మకమే రుచియైన చోట మందలింపు పనిచేయదు.

తెలుగువారి కావ్యవిమర్శ ఈ బల్లకు మిక్కిలి దూరమున లేదు. రసమును వివరింపబూనిన భరతుడు వ్యంజనములతో కూడిన అన్నమునే దృష్టాంతముగా గ్రహించెను. నోటబెట్టినంతనే రసమిచ్చు కవిత్వమును మనవారు ద్రాక్షాపాక మనిరి. నాలుకనుండి పుట్టిన ఆ మాట నేడు పరీక్షాపత్రములలో సీసామీది కాగితమైనది. పద్యమును ఒక్కమారైనను పైకి చదువని విద్యార్థి 'ఇది ద్రాక్షాపాకము' అని వ్రాయును, మార్కులును పడును. ఆ తప్పు విద్యార్థిదే యనుట అన్యాయము. పద్యముకంటె ముందు కవి బిరుదులు, ఆ పిదప ప్రశస్తి చెప్పి, చివరకు గంట కొట్టుచుండగా పద్యము చదువుట మన తరగతులలో అలవాటైనది.

కేంబ్రిడ్జిలో ఐ. ఏ. రిచర్డ్సు కవుల పేర్లు తీసివేసి పద్యములను విద్యార్థులకు పంచి, వారి అభిప్రాయములను 1929 లో గ్రంథముగా వెలువరించెను. ఖ్యాతిగన్న కవుల పద్యములను పలువురు త్రోసిపుచ్చిరి. అల్పమైనవానిని కొందరు మెచ్చిరి. పేరు కప్పినంతమాత్రమున నాలుకకు చదువు రాదని దీనివలన తేలినది. కాని చదువు రాలేదని తెలియుటకైనను మొదట పేరు కప్పవలసినదే గదా!

అట్లని సీసామీది కాగితము వట్టి మోసమనుట తగదు. ఫైలోక్సెరా అను పురుగు ద్రాక్షతోటలను నాశనము చేసిన పిమ్మట, తోటలు మరల నాటి కోలుకొన్న లాంగ్‌డాక్ రైతులు పంట పెరిగియు ధర లేక అలమటించిరి. చక్కెరతో, నీటితో పెంచిన సరుకు అంగళ్లలో నిండియుండెను. 1907 జూన్ 9 న మోంపెలియే వీథులలో లక్షలమంది గుమిగూడిరి. అదే నెలలో నార్బోన్ పట్టణమున సైన్యము కాల్చగా ప్రాణములు పోయెను. జూన్ 29 న ఆ కల్తీని అరికట్టు చట్టము వచ్చెను. ఊరిపేరును కాపాడు పద్ధతి 1935 లో స్థిరపడినది. నేడు నాలుగు యూరోల సీసాలో ద్రాక్షరసమే యున్నదను భరోసా వెనుక ఆ జనులున్నారు. కాగితము పుట్టుకకు సాక్షి. రుచికి సాక్ష్యము చెప్పుమని దానిని బోనెక్కించుటయే పొరపాటు.

వేరొకటి ఉపాధ్యాయులకు వింతగా తోచవచ్చును. ఫ్రెంచి పాఠశాలల భోజనశాలలలో పదునాలుగేండ్లలోపు పిల్లలకు ఆసవమిచ్చుటను 1956 లో గాని నిషేధింపలేదు. ఇంటనుండి బడికి వచ్చిన ఆ అలవాటును మంచిదని నమ్మిన పెద్దలు దానిని చాలకాలము ప్రశ్నింపలేదు. అదియును ఒక కాగితమే.

తెలుగు తరగతిలో దీనికి ఖర్చు లేదు. నల్లబల్లమీద పద్య మొకటి వ్రాసి, కవి పేరు వ్రాయవలసినచోట ఖాళీ విడిచి, పిల్లలచేత రెండుమార్లు పైకి చదివించి, ఏ మాట నోటికి తగిలినదో అడుగవచ్చును. పేరు మరునాడు చెప్పవచ్చును. 'బాగులేదు' అన్న పిల్లవానిని ఆ పేరు విన్న పిమ్మట మరల లేపి అడుగవలెను. మాట మార్చునో, మార్చడో చూడవలెను.

లాంగ్‌డాక్ బల్లమీద ఈపాటికి కాగితములు విప్పియుందురు. చవుకదానిని మెచ్చిన మేనమామ ఒకడు సీసాను చేతబట్టి, పేరు చదివి, నవ్వి, దానినే మరల తన గ్లాసులో పోసికొనునేమో!