కంచ పోయింది, కంచె వచ్చింది

చలికాలం అందరికీ ఒక్కటే అని ఎవరన్నా అంటే నమ్మకండి. చలి ఇల్లు చూసి వస్తది. గోడ చూసి, దుప్పటి చూసి, పొయ్యిల కట్టె చూసి వస్తది. కార్తీకం ఎల్లిపోతుండంగనే పేపర్ల నిండ చలి ముచ్చట్లే. హిమాయత్‌సాగర్ మీద మంచు తెర, ఔటర్ రింగు రోడ్డు మీద పొగమంచు, కట్ట మీద పక్షులు. ఆ ఫొటోల్లో కట్టెల మోపు ఎత్తుకున్న ఆడమనిషి ఎప్పుడన్నా పడితే ‘పల్లె అందం’ అని కింద రాస్తరు. ఆ మోపు ఎంత దూరం నుంచి వచ్చింది, దానికోసం ఆమె ఎవరి తిట్లు తిన్నది అని ఎవరూ అడగరు. మేము అడుగుతున్నం.

కొత్వాల్‌గూడ చుట్టుపట్ల గానీ, ఈ రంగారెడ్డి జిల్లాలో ఇంకే ఊళ్లో గానీ, మాల మాదిగ వాడలు ఎక్కడ పుట్టినయో చూడండి. ఊరికి ఒక కొసన, గుట్ట మొదట్ల, తుమ్మలు మొలిచిన పోరంబోకు పక్కన. చెట్టు పక్కన ఇల్లు మేము మోజుపడి కట్టుకున్నది కాదు. మా గాలి తగలొద్దని, మా నీడ పడొద్దని ఊరు మమ్మల్ని అక్కడికి నెట్టింది. అంటరానితనం మాకు ఇచ్చిన చిరునామా అది. ఆ చిరునామాకే ఈనాడు ‘ప్రకృతి ఒడిలో నివాసం’ అని బోర్డు పెట్టి గజాల లెక్కన అమ్ముతున్నరు. నాడు వెలివేసిన చోటు నేడు వేడుకల చోటయింది. కాకపోతే ఆ వేడుకలో మాకు గేటు కాడ వాచ్‌మన్ పని తప్ప ఇంకోటి లేదు. ఊరి పేర్లోనే కొత్వాల్ ఉన్నడు, నైజాం కాలపు పోలీసు పెద్ద. ఇప్పుడు ప్రతి ఫామ్‌హౌసు గేటుకూ ఒక కొత్వాల్ మొలిచిండు. ఆ ఖాకీ చొక్కా తొడిగి, రాత్రంతా చలిలో నిలబెట్టేది మళ్లీ మా పిల్లగాణ్నే!

చెట్టు పక్క ఇంట్లో చలికాలం ఎట్లా గడుస్తదో తెలియని పెద్దమనుషులకు చెప్తున్నం. కోడి కూయకముందే మా ఆడోళ్లు లేస్తరు. కట్టె లేకుంటే కాగుల నీళ్లు కాగవు. నీళ్లు కాగకుంటే పసిపిల్లకు స్నానం లేదు, ముసలామెకు కాళ్ల కాపడం లేదు. రేకుల ఇల్లు ఎండకాలం పెనం, చలికాలం మంచుగడ్డ. తెల్లారి రేకు మీద మంచు నీళ్లై లోపలికే కారుతది. గోనెసంచి కిటికీకి, చినిగిన చీర తలుపుకు. రాత్రి వాకిట్ల చలిమంట ఏస్తే అది ముచ్చట కోసం కాదు, దుప్పటి చాలక. పొయ్యి పొగ పీల్చి పీల్చి దగ్గు పట్టిన తల్లుల్ని లెక్కపెట్టుకుంటా పోతే ఏ వాడలోనూ ఇల్లు తప్పదు.

అయినా ఒకప్పుడు ఈ చలి మమ్మల్ని గెలవలేదు. ఎందుకంటే కంచ ఉండేది. తెలంగాణలో కంచ అంటే చెట్టూ చేమా గడ్డీ ఉన్న బీడు. పశువుకు మేత, పేదకు కట్టె. ఎండిన తుమ్మపుల్ల, సర్కారు తుమ్మ కొమ్మ, విస్తరి కుట్టుకోను మోదుగాకు, కార్తీకం ముందర సీతాఫలం, సంక్రాంతి ముందర రేగుపండు. గంప నిండ సీతాఫలాలు రోడ్డు మీద పెట్టి అమ్మితే పిల్లలకు స్వెట్టర్ వచ్చేది. కంచ మాకు బ్యాంకు, దవాఖాన, కట్టెల అడితి. దానికి కాగితం లేదు. కాగితం లేదు కాబట్టే అది మాది కాదన్నరు.

ఇప్పుడు కంచ పోయింది, కంచె వచ్చింది. ఒక్క అక్షరం గుణింతం మారితే మా చలికాలమే మారిపోయింది.

ఈ కంచె ఎట్లా వచ్చిందో వరుసగా చూద్దాం. 1908లో మూసీకి వరద వచ్చి పట్నం మునిగినంక మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ కట్టిన్రు. హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. అదే 1927 మార్చిలో మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేల మందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టిండు. చెరువు అందరిదీ అని ఆయన అక్కడ కొట్లాడుతున్న ఏడే ఇక్కడ పట్నం దాహం కోసం చెరువు నిండింది. ఆ చెరువుకు 1996 మార్చి 8న 111 జీవో కాపలా పెట్టింది. పది కిలోమీటర్ల లోపల, 84 ఊళ్లలో, నీళ్లు పాడుచేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నది. నీళ్లు కాపాడాలె, కాదనం. కానీ ఆ ఊళ్లలో కూలోడి గుడిసెకు కొలతలు పెట్టినోళ్లు, ప్రహరీ గోడల వెనక లేచిన ఫామ్‌హౌసులను ఎట్లా చూడలేకపోయిన్రు? 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలించిన్రు. 2023 మేలో 111 జీవోనే ఎత్తేస్తమని మంత్రివర్గం తీర్మానం చేసింది. డప్పులు మోగినయి. ఎవరి డప్పులు? భూమి ఉన్నోళ్లవి. జీవో ఉంటే ఫామ్‌హౌసు కంచె, జీవో పోతే వెంచర్ కంచె. ఎటు తిరిగినా మేము కంచెకు బయటే.

మధ్యలో విమానాశ్రయం వచ్చింది. ఐదు వేల ఎకరాలకు పైగా భూమి తీసుకుని 2008 మార్చిలో విమానాలు ఎగిరినయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2022 అక్టోబర్‌లో కొత్వాల్‌గూడలో ఎకో పార్కుకు పునాది రాయి పడింది. అందులో ఏమేముంటయని ప్రకటించిన్రు? పక్షిశాల, చేపలశాల, సీతాకోకచిలుకల తోట, గుడారాలు, ఖరీదైన కర్ర కాటేజీలు. కర్ర ఇంట్లో పడుకోను, గుడారం ముందు చలిమంట కాగను పట్నపోడు పైసలు కడతడు! మేము తాతల నాటి నుంచి పడుతున్న కష్టం వాళ్లకు విహారం. పార్కు వద్దని మేము అనం. చెట్టు మొలుస్తదంటే మాకంటే సంతోషించేటోళ్లు లేరు. మా ప్రశ్న ఒక్కటే: పక్షికి గూడు, చేపకు అద్దాల ఇల్లు లెక్కగట్టినప్పుడు, పక్కనున్న వాడ పొయ్యి ఏ కట్టెతో మండాలో ఎవరన్నా లెక్కగట్టిన్రా?

ఇక కార్తీక వనభోజనాల సంగతి. ఉసిరి చెట్టు కింద బంతి భోజనం పుణ్యమట. ఈ రోజుల్లో వనభోజనాలకు కులం పేరుతోనే ఫ్లెక్సీలు కడతున్నరు. ఫలానా కుల సంఘం కార్తీక వనసమారాధన అని రోడ్డు పొడుగునా తోరణాలు. అడివికి పోయినా కులాన్ని వెంట తీస్కపోతరు! తిని పోయినంక ప్లాస్టిక్ పళ్లాలు ఏరేది ఎవరో మీకు తెలుసు. ఒక్క పూట వనంలో తింటే వాళ్లకు పుణ్యం, ఏడాదంతా వనం పక్కన బతికితే మాకు ‘ఆక్రమణదారు’ అని పేరు.

కొందరు మంచోళ్లు అడుగుతరు: గ్యాస్ ఇస్తున్నరు గదా, ఇంకా కట్టెలెందుకు? దీపం పథకం 1999లో వచ్చింది, ఉజ్వల 2016లో వచ్చింది, 500 రూపాయల సిలిండర్ 2024లో వచ్చింది. రావాల్సిందే. కానీ సిలిండర్ బండి వాకిట్ల ఆగినప్పుడు ముందు పూర్తి ధర కట్టాలె, సబ్సిడీ తర్వాత ఖాతాల పడుతది. కూలి దొరకని వారంల ఆ ముందు పైసలు ఏడికెళ్లి రావాలె? ఆ సిలిండర్ అన్నానికే పొదుపుగా వాడుకుంటరు. చలికాలం కాగు నీళ్లకు గ్యాస్ కాల్చేంత కలిగినోళ్లు మా వాడలో లేరు.

ఇంకొందరు అంటరు: మీరు కట్టెలు కొడితే అడివి పోదా? అడివిని మోపులు మింగలేదు, మిషన్లు మింగినయి. మేము ఏరేది ఎండుపుల్ల. సర్కారు తుమ్మ నరికినా మళ్లీ మోడు నుంచి చిగురిస్తది. బుల్డోజర్ తొక్కిన చోట చిగురు రాదు. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి మిషన్లు పోతే విద్యార్థులు అడ్డం పడ్డరు, సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆపింది. మంచి పని. జింక కోసం, నెమలి కోసం పట్నం ఏడ్చింది. కంచను నమ్ముకున్న మనిషి కోసం కూడా ఒక్కనాడు ఏడ్వమని అడుగుతున్నం.

చట్టం మా దిక్కు లేదా? ఉన్నది, కానీ సగమే. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు ఒక లెక్క పెట్టింది, మిగతా అడివి పక్క జనానికి ఇంకో లెక్క పెట్టింది: 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలె. చదువు రానియ్యని జాతిని 75 ఏండ్ల కాగితం అడగడం ఏం న్యాయం? 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకూడదన్నది. మాకు లావణి పట్టా ఇచ్చిన భూమిని అమ్మితే నేరమన్న సర్కారే, ప్రాజెక్టు పేరుతో తిరిగి తీసుకుంటది. ఆ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇయ్యాలని చేవెళ్ల డివిజన్ కేసులోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004లో చెప్పింది. ఆ తీర్పు ఎంతమంది అసైనీల చెవిన పడ్డది? ఎవరూ చెప్పరు. మనమే చెప్పాలె.

కాబట్టి ఈ చలికాలం మన డిమాండ్లు ఇవి:

కంచెలు కట్టిన ప్రతి పోరంబోకు, గైరాన్, కంచ భూమి సర్వే నెంబరు వారీగా బయట పెట్టాలె. పార్కుల్లో, నర్సరీల్లో రాలిన ఎండుకట్టె చుట్టుపక్క వాడలకే దక్కాలె. పనిలో మొదటి వాటా వాడలకే ఇయ్యాలె. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమి లెక్కనే పైసలు ఇయ్యాలె. ఎస్సీ హాస్టళ్లలో కార్తీకం రాకముందే దుప్పటి, పొద్దున స్నానానికి వేడి నీళ్లు ఉండాలె. మన పిల్లల జ్వరాలకు చన్నీళ్లు సాక్ష్యం.

కార్యకర్తలకు ఒక మాట. మీటింగులకు హాలు వెతకొద్దు. వాడ వాడకూ రాత్రి చలిమంట ఏస్తనే ఉన్నరు, అక్కడికే నోటుబుక్కు పట్టుకుని పోండి. కంచ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండేది, ఎవరెవరు మేపిన్రు, ఏ గుట్టకు ఏ పేరు, ఏ ఏడు కంచె పడ్డది అని ముసలోళ్లను అడిగి రాయండి. దరఖాస్తు పెట్టినోళ్లు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమేనని అటవీ హక్కుల నిబంధనలే ఒప్పుకున్నయి. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించండి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ముసలోళ్లు పోతే ఆ సాక్ష్యం వాళ్లతోనే పోతది. ఈ చలికి ఎంతమంది ఆగుతరో ఎవరికి తెలుసు? ఈ రాత్రే రాయడం మొదలుపెట్టండి.