ప్రజారోగ్యానికి ఒక విలేకరి కావాలి

తెలుగు దినపత్రికల, వార్తా చానళ్ల యాజమాన్యాలకు, సంపాదకులకు, పాఠకులకు విజ్ఞప్తి

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. వాంతులు, కాసేపు స్పృహ తప్పడం, తర్వాత తేరుకోవడం. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. నీళ్లలో క్లోరిన్ ఎక్కువైందని కొందరు, భయమే జబ్బయిందని కొందరు తేల్చేస్తుండగా, ఢిల్లీ ఎయిమ్స్ రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలను పట్టి చూపింది. డిసెంబరు 16న ముఖ్యమంత్రి సమీక్షలో నిపుణులు పురుగుమందులే ప్రధాన కారణం కావచ్చన్నారు. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేలాలంటే ఇంకా చాలాకాలం పరిశోధించాలన్నారు. సరిగ్గా అక్కడే వార్త వేడి చల్లారింది. కూరగాయల మీద నుంచి వచ్చాయా, నీళ్లలో నుంచా? పడిపోయినవాళ్ల రక్తం మళ్లీ పరీక్షించారా? ఈ ప్రశ్నలు నెలనెలా అడగడం ఎవరి పని? మన పత్రికల్లో క్రైంకు విలేకరి ఉంటాడు, సెక్రటేరియట్‌కు ఉంటాడు, సినిమా పేజీకి ప్రత్యేకంగా మనుషులుంటారు. జనం ఆరోగ్యానికి మాత్రం ఆ పూట ఎవరికి వీలైతే వాళ్లు వెళ్తారు. అందుకే ఈ కరపత్రం అడిగేది ఒక్కటే: ప్రతి తెలుగు దినపత్రిక, ప్రతి వార్తా చానల్ ప్రజారోగ్యం మీద పనిచేసే ఒక పూర్తికాలపు సైన్స్ విలేకరిని నియమించాలి, ఆ మనిషిని ఏళ్ల తరబడి ఆ బీటులోనే ఉంచాలి.

ఏళ్ల తరబడి అనడానికి కారణముంది. మన జబ్బుల్లో చాలావాటి వయసు ఒక విలేకరి ఉద్యోగకాలం కన్నా ఎక్కువ. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయన్న సంగతి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి 1937లోనే వైద్య పత్రికకెక్కింది. నల్లగొండ పల్లెలు ఆ తర్వాత దశాబ్దాలపాటు అలాంటి నీళ్లే తాగాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఊళ్లను తినేస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అక్కడికి మంత్రి వచ్చిన రోజున వెళ్లే విలేకరి రోగుల సంఖ్య రాసుకుని వస్తాడు. ఆ సంగతి పదేళ్లుగా చదువుతున్న విలేకరి అడిగేది వేరు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక్కసారి చూసి లెక్కలో వేశారా, మూడు నెలలాగి మళ్లీ చూశారా? మూడు నెలలు నిలిస్తేనే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒక్క పూట శిబిరంలో తీసిన లెక్క, రెండుసార్లు పరీక్షించి తీసిన లెక్క ఒకటి కావు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఎండలో ఒళ్లొంచే కూలీలను పట్టుకుంది. అక్కడ నీడ, నీళ్లు, విరామం గురించి ఏం నేర్చుకున్నారో తెలిసిన విలేకరి ఇక్కడి అధికారిని నిలదీయగలడు. తెలియనివాడు ఆయన చెప్పింది రాసుకుంటాడు.

ఒకే విషయాన్ని ఏళ్ల తరబడి వెంటాడితే ఏం సాధ్యమో చూడండి. బ్రిటన్‌లో 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లలను చూపి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టే వ్యాసం లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చువేయించాడు. భయం పాకింది, 2003-04 నాటికి ఇంగ్లండ్‌లో ఆ టీకా వేయించుకున్న పిల్లలు నూటికి 80 మందికి పడిపోయారు. ఆ వ్యాసం బండారం బయటపెట్టినది బ్రియాన్ డీర్ అనే పత్రికా రచయిత. ఆయన డాక్టరు కాదు. టీకా కంపెనీల మీద దావాకు సిద్ధమవుతున్న లాయరు నుంచి వేక్‌ఫీల్డ్‌కు డబ్బు ముట్టిందని 2004లో సండే టైమ్స్‌లో రాశారు. అంతటితో వదలలేదు. పిల్లల వైద్య రికార్డులతో వ్యాసంలోని మాటలు పోల్చిచూస్తూ వెళ్లారు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, వేక్‌ఫీల్డ్ వైద్యవృత్తి అర్హత పోయింది. మరుసటి ఏడు డీర్ కథనాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్ వరుసగా ప్రచురించింది. ఒకే విషయం మీద ఇన్నేళ్లు పనిచేయనిచ్చిన సంపాదకులు ఉండబట్టే ఇది సాధ్యమైంది. భయాన్ని మోసినవీ పత్రికలే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ఆ గొడవ రాజకీయ వార్తగా మారాక దాన్ని రాసినవారిలో ఎక్కువమంది సైన్స్ విలేకరులు కారు.

డాక్టర్లు రాస్తూనే ఉన్నారుగా, ఇంకా విలేకరి ఎందుకు అన్నది తరచు వినిపించే అభ్యంతరం. డాక్టర్ సమరం వంటివారు, సైన్సులో మహీధర నళినీమోహన్ వంటివారు తెలుగు పాఠకుడికి చేసిన మేలు చిన్నది కాదు. వాళ్లు వివరించారు. విలేకరి పని నిలదీయడం, లెక్క సరిచూడటం. 1995 అక్టోబరులో బ్రిటన్ ప్రభుత్వ సంఘం ఒక రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని హెచ్చరించింది. రెట్టింపు అంటే 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి రావడం. ఆ ఒక్క వాక్యం వేయకపోవడంతో బెదిరి మాత్రలు మానేసిన ఆడవాళ్లెందరో. మరుసటి ఏడు ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా 13,000 దాకా గర్భస్రావాలు జరిగాయని అంచనా. గర్భంతోనే గడ్డకట్టే ప్రమాదం అంతకన్నా ఎక్కువ! పరిశోధకుల మాట యథాతథంగా వేస్తే చాలదా అంటే అదీ చాలదు. బ్రిటన్ విశ్వవిద్యాలయాలు ఇచ్చిన 462 పత్రికా ప్రకటనలను పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనంలో, నూటికి 40 ప్రకటనలు పరిశోధనలో లేనంత గట్టి సలహాలు జనానికి ఇస్తున్నాయని తేలింది.

ఇంకొక అభ్యంతరం ఖర్చు. పత్రికలు నష్టాల్లో ఉన్నాయన్నది కాదనలేం. అచ్చయిన లైన్ల లెక్కన డబ్బిచ్చే లైన్ అకౌంట్ మీద బతుకుతూ ప్రకటనల టార్గెట్లు మోస్తున్న మండల కంట్రిబ్యూటర్‌ను లాన్సెట్ చదవమనడం అన్యాయం. ఈ విజ్ఞప్తి అతనికి కాదు, అతన్ని అలా ఉంచినవారికి. ఒక జీతం భారమైతే రెండు చిన్న పత్రికలు ఒక విలేకరిని పంచుకోవచ్చు. అనుభవం లేకుండా రాసిన వార్తకూ ఖరీదుంది, అది పాఠకుడు చెల్లిస్తాడు. 2021 మేలో, ఆక్సిజన్ పడకలు దొరకని రోజుల్లో, కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన మూలికా మందు కోసం వేలమంది మాస్కు, దూరం మరిచి ఒకరి మీద ఒకరు పడ్డారు. మందులో హానికరమైనవి లేవని, కరోనా తగ్గిస్తుందన్న ఆధారమూ లేదని అధికారులు రెండు ముక్కలు చెబితే, గట్టిగా వినిపించింది మొదటి ముక్కే. కరోనా సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకుంటారు. తీసుకున్నవారు తేరుకున్నారన్నది అందుకే రుజువు కాదు, తీసుకోనివారితో పోల్చి చూడాలి. ఈ ఒక్క మాట ప్రతి బులెటిన్‌లో చెప్పే మనిషి ఉంటే, ఆ క్యూలో కొందరైనా ఇంటిదగ్గర ఆగేవారు.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. పత్రికల జర్నలిజం స్కూళ్లు, రెండు రాష్ట్రాల మీడియా అకాడమీలు కలిసి జాతీయ పోషకాహార సంస్థలో, హైదరాబాద్‌లోని భారత ప్రజారోగ్య సంస్థలో ఆర్నెల్ల శిక్షణ పెట్టవచ్చు. ఆరోగ్య విలేకరికి ప్రకటనల టార్గెట్ ఉండకూడదు, ఆసుపత్రులు డబ్బిచ్చి వేయించే పేజీ మీద ఆ సంగతి పెద్ద అక్షరాల్లో రాయాలి. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం కింద పోగయ్యే లెక్కలను ప్రభుత్వాలు మండలాలవారీగా తెలుగులో విడుదల చేయాలి. పాఠకులు తాము తెప్పించుకునే పత్రిక సంపాదకుడికి ఒక ఉత్తరం రాయండి: మీ పత్రికలో ప్రజారోగ్యం చూసే విలేకరి ఎవరు, ఆ బీటులో ఎన్నేళ్లుగా ఉన్నారు? జవాబు రాకపోతే మరుసటి నెల మళ్లీ రాయండి.