జైలు నుంచి వచ్చినవారికి పొలంలో చోటు



శిక్ష ముగించుకొని ఇల్లు చేరిన మనిషికి పని దొరకదు, పలకరింపూ దొరకదు. ఇరుకు జైళ్లలో ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం బయటివారికంటె ఎక్కువ. అయినా ఎక్కడ ఉండి వచ్చావని అడుగుతారేమోనని ఆసుపత్రికి రావడానికి జంకుతారు. ఊరికే గడిచే సాయంత్రాలు తాగుడు వైపు లాగుతాయి. అందుచేత వీరికి పని చూపడం కూడా వైద్యంలో భాగమేనని నా అభిప్రాయం.

ఇది కొత్త ఆలోచన కాదు. అనంతపురంలో 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది. సత్ప్రవర్తన గల ఖైదీలు అక్కడ సేద్యం చేస్తారు. అయితే విడుదల రోజున మనిషి బయటికి వస్తాడు, పొలం అక్కడే ఉండిపోతుంది.

మన డెల్టాలోనే, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో మరో పాఠం ఉంది. బ్రిటిషు ప్రభుత్వం ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, 1910లలో అక్కడ ఉంచి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. నడిపినది మిషను సంస్థే గనుక ఈ సంగతి మనం దాచుకోరాదు. సాగుకు భూమి చూపారు గాని, హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటరాదు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయినా, ఊరి పేరు వింటే అనుమానించడం పోలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం దంపతులు ఆ కుటుంబాల మధ్యకు వెళ్లి పనిచేశారు. వారి నమ్మకం మనది కాకపోయినా, ఆ పని మనమూ చేయదగినదే.

భూమి ఒక్కటే చాలదు. పక్కన నిలబడి పనిచేసే మనుషులు కావాలి.

సంఘంలోని రెండు మూడు కుటుంబాలు, విడుదలైన ఒకరిద్దరితో కలిసి ఎకరమో రెండెకరాలో కౌలుకు తీసుకోవచ్చు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుములు చల్లితే, చేలో మిగిలిన తేమతోనే పెరుగుతాయి. పెట్టుబడి తక్కువ. కౌలు రైతులు గ్రూపుగా చేరితే బ్యాంకు అప్పుకూ వీలుంటుంది.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. పంటలో వాటా ఇవ్వండి, దానంగా కాదు. పొలంలో పాత నేరం ఎత్తవద్దు. క్షయ మందులు వాడేవారిని ఒక్క మోతాదు కూడా తప్పనివ్వవద్దు, బరువు పనులు డాక్టరుగారిని అడిగాకే చెప్పండి. పురుగుమందు డబ్బాలకు తాళం వేయండి. మనసు కుంగిన మనిషికి విషం చేతికందేలా ఉండకూడదు.

దెబ్బతిన్న కుటుంబాల మాటేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వారి గాయం మనం మాన్పలేము. కాని పనీ, తోడూ లేక తిరిగే మనిషివల్ల మరొక ఇల్లు గాయపడకుండా చూడగలము. సంఘ పెద్దలు వచ్చే సార్వాకు ముందే ఈ విషయం మాట్లాడుకోవాలని కోరుతున్నాను.