దర్బారు గదిని దాచుకొనుట ఎట్లా?

నికొలాయ్ బెర్‌డ్యాయెవ్ అను రష్యను తత్త్వవేత్తను 1922లో ఆయన స్వదేశమే వెళ్ళగొట్టినది. లెనిన్ ప్రభుత్వము తనకు గిట్టని పండితులను ఓడలెక్కించి జర్మనీకి పంపివేసిన రోజులవి. ఆయన బెర్లినులో రెండేండ్లు గడిపి, పారిస్ నగర శివారున క్లమార్ అనే చిన్న ఊరు చేరి, 1948లో అక్కడనే వ్రాతబల్ల ముందు కూర్చుండి కన్నుమూసినాడు. మళ్ళీ పుట్టిన నేలను చూడలేదు. కడపటి పదేండ్లు నివసించిన ఇల్లు కూడ ఆయన కొన్నది కాదు. ఒక స్నేహితురాలు మరణిస్తూ విడిచిపోయినది. ఆదివారముల నాడు ఆయన ఇంట గోష్ఠులు జరిగేవి. ఆ ఇంటిని మ్యూజియముగా నిలుపవలెననే మాట చెవిని పడినప్పుడు నాకు క్లమార్ కంటె ముందు బందరు జ్ఞాపకము వచ్చినది.

బందరులోను అటువంటి గోష్ఠి ఒకటి ఉండేది. దానికి దర్బారు అని పేరు. సింహాసనము లేదు, బంట్రోతులు లేరు. కృష్ణాపత్రిక కార్యాలయములో ప్రొద్దుగ్రుంకే వేళ సంపాదకులు ముట్నూరి కృష్ణారావుగారి చుట్టూ కవులు, చిత్రకారులు, గాయకులు, దేశసేవకులు చేరేవారు. దివి తాలూకాలోని ముట్నూరులో 1879లో పుట్టి, నోబుల్ కళాశాలలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి ప్రభావములో పెరిగిన మనిషి ఆయన. 1907లో బిపినచంద్రపాల్ ఆంధ్రదేశమంతా తిరిగి వందేమాతరాగ్ని రగిల్చినప్పుడు వెంట నడచినారు. ఆ సంవత్సరమే పత్రిక పగ్గములు చేపట్టి 1945లో మరణించేవరకు విడువలేదు. ముప్పదియెనిమిది ఏండ్లు! ఒకే ఊరు, ఒకే పత్రిక. బెర్‌డ్యాయెవ్ వలె ఆయనను ఎవరూ దేశము దాటించలేదు. అయితే ఊరు విడిచి వెళ్ళనివారిని కూడ ఊరు మరచిపోగలదు.

ఆ పత్రికను 1902లో కొండా వెంకటప్పయ్య పంతులు, దాసు నారాయణరావుగార్లు స్థాపించినారు. దానిని తెలుగువారి ఆలోచనకు అద్దముగా తీర్చినది మాత్రము కృష్ణారావుగారే. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభి సీతారామయ్యగారు, ఆయన కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలిపినారు. చదువుతో పాటు చేతిపని, చిత్రలేఖనము నేర్పిన బడి అది. జెండా రూపకల్పనతో పేరు పొందిన పింగళి వెంకయ్యగారు అక్కడ బోధించినవారే. అడివి బాపిరాజుగారు కొన్నాళ్ళు దానికి అధ్యక్షులు. ముగ్గురు మిత్రులలో హనుమంతరావుగారు 1922లోనే పోయినారు. మరుసటి యేడు పట్టాభిగారు ఆంధ్రా బ్యాంకు పెట్టినారు. కృష్ణారావుగారు ఏమి పెట్టినారని అడిగితే చూపించుటకు ఏమున్నది? సంపాదకీయములున్నవి. ‘సమీక్ష’, ‘లోవెలుగులు’ అనే సంపుటములున్నవి. తక్కినదంతా మాట. ఆ మాట సాయంకాలము వెలిగి రాత్రికి ఆరిపోయినది.

ఇక్కడనే చిక్కు వస్తున్నది. మాటను మ్యూజియములో పెట్టుట ఎట్లా?

చాలకాలము క్రిందట మా బడి పిల్లలను రాజమహేంద్రవరము తీసుకొని వెళ్ళినాను. వీరేశలింగంగారి ఇంటిని పురావస్తుశాఖవారు కాపాడుతూ వచ్చినందుకు సంతోషించవలసినదే. పిల్లలు గదులన్నీ తిరిగినారు. వారిలో ఒకడు గడప మీద ఆగి, “మాస్టారూ, ఇక్కడ ఆయన ఏం చేసేవారండీ?” అని అడిగినాడు. నేను 1881లో జరిగిన తొలి వితంతు వివాహము సంగతి చెప్పినాను. ఊరంతా ఎదురు తిరిగిన రోజుల్లో పెండ్లికూతురుకు తోడుగా నిలుచుటకు ఎంత గుండె కావలెనో చెప్పినాను. వాడి కళ్ళు అప్పుడు గోడలను కొత్తగా చూసినవి. గోడలు తమంతట తాము ఏమీ చెప్పలేదు. విజయనగరములో గురజాడవారి ఇంటికి వెళ్ళినా ఇంతే. ‘కన్యాశుల్కము’ చదివి వెళ్ళినవానికి అది ఇల్లు, చదవనివానికి పాత పెంకులు.

కనుక బందరులో కృష్ణారావుగారి పేర కావలసినది అద్దాల పెట్టెలో కళ్ళజోడు కాదని నా అభిప్రాయము. శిలావిగ్రహము అసలే కాదు. విగ్రహానికి యేటికి రెండు దండలు, తక్కిన దినములు కాకులు. కావలసినది ఒక గది. దానిలో కృష్ణాపత్రిక పాత సంపుటములు బైండు కట్టించి, పదవ తరగతి పిల్లవాడు కూడ చేత పట్టుకొని తిప్పగలిగినట్లు ఉండవలెను. చుట్టూ చాపలో బెంచీలో వేసి, వారానికి ఒక సాయంకాలము ఎవరైనా ఒక సంపాదకీయము పైకి చదివితే, తక్కినవారు కాదనడానికి స్వేచ్ఛ ఉండవలెను. కాదనేవాడు లేకపోతే అది దర్బారు కాదు, భజన.

పాత సంచికలు చూడగోరినవారు వేటపాలెము సారస్వత నికేతనము వంటి చోటులకు వెళ్ళవలసి వచ్చేది. 1918లో వెలసిన ఆ గ్రంథాలయము తెలుగు పత్రికలకు చేసిన మేలు ఇంతింత కాదు. తరువాత ప్రెస్ అకాడమీవారు పాత పత్రికలను కంప్యూటరు తెరమీద చదువుకొనే వీలు కల్పించినారు. ఇక గదెందుకని అడుగవచ్చును. తెరమీద చదివేవాడు ఒంటరిగా చదువుతాడు. కృష్ణారావుగారిది పదిమందిలో పదునెక్కిన బుద్ధి. ఆయనను ఒంటరిగా చదివితే సగమే అందుతుంది.

మరొక ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. బడి కప్పు వానకు కారుతూ ఉండగా చనిపోయినవారికి గది ఏమిటి? నేను నలుబది యేండ్లు బడిలో గడిపినవాడను. ఈ ప్రశ్నను తోసివేయలేను. కప్పే ముందు. అందుకే వేరే భవనము కోరుట లేదు. ఉన్న బడిలోనో కళాశాలలోనో గ్రంథాలయములోనో ఒక గదిని సాయంకాలము తెరిచి ఉంచితే చాలును. అది మేడమీద ఉండవలెననేది మాత్రము నా పట్టుదల. 1864 ఉప్పెనలో బందరు ముప్పదివేల మందిని పోగొట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రము ముంచినప్పుడు వేలకు వేల ప్రాణాలు పోయినవి. మనుషులే మిగలని చోట కాగితముల లెక్క ఎవరడుగుతారు? కాని తాటాకు కట్టలు, దస్తావేజులు, పెళ్ళి ఫొటోలు ఎన్ని ఇండ్లలో ఉప్పునీటిపాలైనవో ఆ సీమవారికి తెలుసును. ఉప్పెన రాని యేడు చెదలు వస్తవి. చెద రాని ఇంట ఉప్పుగాలి పుటలను పొడిచేస్తుంది. ఈ నేలలో పుస్తకము దాచుట రాజమహేంద్రవరములో దాచినంత సులభము కాదు. ఒక ప్రతి బందరులో, ఒక ప్రతి గుడివాడలో, మరొకటి అవనిగడ్డలో ఉంటే ఒక గాలివానకు మూడూ పోవు.

బందరు పేరు చెప్పగానే హల్వా తలచుకొనేవారు ఎక్కువ. నాకును దానిమీద కోపము లేదు. ఆ పొట్లము కొనే వీథికి దగ్గరలో, సాయంకాలము దీపము వెలిగే గది ఒకటి ఉండరాదా అన్నదే నా అడుగుట. స్థలము బందరు పెద్దలు చూడవలెను. చదివి వినిపించే పని మన ఉపాధ్యాయులది, కాదనే పని విద్యార్థులది. నా దగ్గర ‘సమీక్ష’ ప్రతి ఒకటి ఉన్నది. అట్ట పోయినది, చివరి పుటలను చెద కొరికినది. బీరువా సిద్ధమైన నాడు కబురు చేస్తే గుడివాడ నుండి నేనే బస్సులో తీసుకొని వస్తాను.