గెయిన్ తగ్గింపుడు

ఎలక్ట్రిక్ గిటారు స్వరమును బుద్ధిపూర్వకముగా చెరచి, ఆ చెరుపునందే యొక గాంభీర్యమును సాధించు విద్య పాశ్చాత్యదేశములలో పుట్టి ఏడు దశాబ్దములు గడచినను, మన పెద్దలలో పెక్కుమందికి అది నేటికిని రొదగానే వినబడుచున్నది. దానిని ప్రాణప్రదముగా ప్రేమించు మన యువకులు హైదరాబాదులోను విశాఖపట్టణములోను తమ గదులలో కంప్యూటరు ముందు కూర్చుండి చేసికొను రికార్డింగులలో అది పలుమారులు నిజముగానే రొదగా మారుచున్నది. ఈ రెండవ సంగతియే నన్నీ వ్యాసమునకు పురికొల్పినది. లోపము కంప్యూటరుది కాదు, ఇరుకుగదిది కాదు, చవుక పరికరములది అంతకంటె కాదు. డిస్టార్షన్ అనబడు ఈ చెరుపును అవసరమునకు మించి కోరుటయే సమస్త దోషములకును మూలమని నా దృఢవిశ్వాసము.

ఆ ధ్వని పుట్టు తీరును తెలిసికొన్నగాని ఈ మాట బోధపడదు. తీగ కంపించినపుడు, ఆ కంపమును విద్యుత్తుగా మార్చు పికప్ నుండి వెడలు విద్యుత్తరంగము మెత్తని వంపులతో లేచుచు దిగుచుండును. ఆంప్లిఫయరులోని వాల్వు దానిని తన శక్తి యున్నంత మేరకే పెంచగలదు గనుక, ఆ మేరను దాటించినపుడు తరంగశిఖరములు అణగి చదునగును. అట్లు చదునైన తరంగమున మూలస్వరమునకు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యము గల అనుస్వరములు, తీగలో మిక్కిలి సన్నగా నుండినవి, బలముగా పైకి లేచును. ఇది మన చెవికి పరాయి సంగతి కాదు. తంబురా గుర్రముపై తీగ క్రింద సన్నని నూలుపోగు నమర్చి, కంపించు తీగ ఆ గుర్రపు వంపును మాటిమాటికి తాకునట్లు చేయుటచేతనే గదా ఆ వాద్యమున అనుస్వరములు వెల్లివిరియుచున్నవి! నూలుపోగు తొలగించిన తంబురా శుద్ధముగానే మ్రోగును గాని, దానిని ప్రక్కనుంచుకొని పాడుటకు ఏ గాయకుడును సమ్మతింపడు.

రాక్ వాదకులు పవర్ కార్డ్ అని పిలుచు స్వరయుగళమును పరిశీలించిన ఈ బాంధవ్యము మరింత స్పష్టమగును. అది షడ్జపంచమములు తప్ప వేరు కాదు. గిటారు అయిదవ తీగ పౌనఃపున్యము 110 హెర్ట్జులు. దానికి పంచమము సుమారు 165. రెండును ఒకే వాల్వు గుండ పోయి చెదరినపుడు వాని మొత్తములును భేదములును గూడ క్రొత్త స్వరములై వినవచ్చును. 165 నుండి 110 తీసివేయగా మిగులు 55 హెర్ట్జుల స్వరము ఆ షడ్జమునకు సరిగా ఒక స్థాయి క్రిందిది. వాదకుడు మీటని మంద్రషడ్జము తనంత తాను వచ్చి ఆ యుగళమునకు పునాదియై నిలుచుటచేతనే రెండు వ్రేళ్ల వాయింపునకు అంతటి బరువు కలుగుచున్నది. పంచమమునకు మారుగా గాంధారమును చేర్చినచో, గిటారు మెట్లు సమవిభాగపు శ్రుతిలో నుండుటచే ఆ స్వరము 138.6 హెర్ట్జులగును, భేదము 28.6 వచ్చును, పొత్తు కుదురుటకు కావలసినది 27.5. ఇట్టి పొసగని స్వరములు అనేకము కలిసి ధ్వనిని బురద చేయును. గెయిన్, అనగా స్వరమును పెంచు మోతాదు, హెచ్చినకొలది బురదయు హెచ్చును. ఈ గణితమును ఎరుగకయే కేవలము చెవితో పవర్ కార్డును ఎన్నుకొనిన ఆ తొలి వాదకుల వివేకమును నేను మిక్కిలి గౌరవింతును.

వారు ఆ ధ్వనిని పొందినది ప్రయోగశాలలలో గాదు, చెడిపోయిన పరికరములనుండి. 1951లో మెంఫిస్ నగరమున శామ్ ఫిలిప్స్ స్టూడియోలో ‘రాకెట్ 88’ పాటను రికార్డు చేయునపుడు, దెబ్బతిన్న స్పీకరు కోనులో కాగితములు కూరి పని జరిపిరి. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వర్రీ’ రికార్డింగున మిక్సింగు బల్లలోని ట్రాన్స్‌ఫార్మరు చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్ గిటారు గరగరలాడగా, ఇంజనీరు గ్లెన్ స్నాడీ దానిని పారవేయక, ఆ గరగరను కోరినపుడు పుట్టించు సర్క్యూటును నిర్మించుటకు పూనుకొనెను; అదియే 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అను చిన్న పెట్టెయై విపణికి వచ్చెను. కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవీస్, 1964 నాటి ‘యూ రియల్లీ గాట్ మీ’ పాటకు, తన చిన్న ఆంప్లిఫయరు స్పీకరును బ్లేడుతో చీల్చెను. అయితే నా వాదమునకు వీనియన్నిటికంటె ముఖ్యమైనది 1968 జూలై నాటి సంగతి. ‘రివల్యూషన్’ పాటను లండనులోని ఆబీ రోడ్డు స్టూడియోలో రికార్డు చేయునపుడు బీటిల్స్ ఆంప్లిఫయరును, స్పీకరును, మైక్రోఫోనును పూర్తిగా విడిచి, గిటారులను నేరుగా మిక్సింగు బల్లకు తగిలించి, దానిలోని ప్రీఆంప్లిఫయర్లు మోయలేనంత బిగ్గరగా స్వరమును పంపిరి. కంప్యూటరునకు నేరుగా తగిలించిన గిటారు అసలైన రాక్ గిటారు కాజాలదని వాదించువారు ఆ పాటను మరల ఒకమారు వినవలెను. ఇంటిలో చేసిన పని ఇంటిపనిగానే మిగులునని శంకించువారికి 1976లో వెలువడిన బోస్టన్ బృందపు తొలి ఆల్బము సమాధానము. పొలరాయిడ్ సంస్థలో ఇంజనీరుగా నుండిన టామ్ షోల్జ్ దానిని చాలవరకు తన యింటి నేలమాళిగలోనే రికార్డు చేసెను.

ఇక మన గదిలోనికి వత్తము. ఇచట సాధారణముగా కంప్యూటరునకును గిటారునకును నడుమ ఆడియో ఇంటర్‌ఫేస్ అను చిన్న పెట్టె యుండును. చెదరగొట్టు పనియంతయు తరువాత సాఫ్ట్‌వేరు చేయును గనుక, ఆ పెట్టెలోనికి పోవు స్వరము సాధ్యమైనంత నిర్మలముగా నుండవలెను. వాల్వు తరంగశిఖరమును మెల్లగా వంచును. స్వరమును సంఖ్యలుగా మార్చు కన్వర్టరునకు ఆ మృదుత్వము తెలియదు. అది తన మేర దాటిన దానిని కత్తిరించి వేయును, అట్లు పోయిన భాగమును ఏ సాఫ్ట్‌వేరును మరల తేజాలదు. 24 బిట్ల రికార్డింగులో నిశ్శబ్దమునకును గరిష్ఠస్థాయికిని నడుమ కావలసినంత చోటున్నది గనుక, శిఖరములు గరిష్ఠస్థాయికి 12 డెసిబెళ్లు క్రిందనే నిలిచినను నష్టమేమియు లేదు. అట్లే గిటారును సాధారణపు లైన్ ఇన్‌పుట్‌లో గాక, సుమారు ఒక మెగా ఓమ్ ఇంపీడెన్స్ గల గిటారు ఇన్‌పుట్‌లోనే పెట్టవలెను. లేనిచో పికప్ తీగచుట్టపై భారము పడి, తారస్వరముల మెరుపు మొదటనే అణగారును. చాలమంది ఈ మెరుపు లోపించినదని గ్రహించి, దాని కారణమును గ్రహింపక, గెయిన్‌ను ఇంకను పెంచుదురు.

కంప్యూటరున డిస్టార్షన్‌కు తనదైన యొక వ్యాధి గూడ కలదు. సెకనునకు 44,100 మారులు స్వరమును కొలుచు రికార్డింగున 22,050 హెర్ట్జులకు పైబడినది ఏదియు ఇముడదు. కాని చెదరిన తరంగము ఆ హద్దునకు పైగా అనుస్వరములను పుట్టించుచునే యుండును. అవి హద్దునకు తగిలి వెనుకకు మరలును. 30,000 వద్ద పుట్టవలసినది 14,100 వద్ద తేలును. దానికిని వాయించిన రాగమునకును ఎట్టి సంబంధమును ఉండదు. చెదరగొట్టు సాఫ్ట్‌వేరులైన ప్లగిన్‌లలో మంచివి లోపల కొలతల వేగమును నాలుగింతలకో ఎనిమిదింతలకో పెంచి ఈ దోషమును తగ్గించును. గెయిన్ మితముగా నున్నచో ఆ దోషము మరింత తగ్గును. తరువాత స్పీకరు. 12 అంగుళముల గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జులు దాటిన స్వరములను వేగముగా అణచివేయును. ఆ అణచివేతయే డిస్టార్షన్‌కు వినదగిన రూపమిచ్చును. నిజమైన స్పీకరును మైక్రోఫోనుతో కొలిచి తీసిన ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలును ప్లగిన్ వెంట నుంచుట తప్పనిసరి. స్పీకరు లేక నేరుగా వినిపించు డిస్టార్షన్ చెవిని గీరును. ఆంప్లిఫయరు ప్లగిన్‌ను మార్చి మార్చి విసిగినవారు ఈ ఫైలును ఒక్కదానిని మార్చి చూచినచో ఆశ్చర్యపడుదురు.

ఇవన్నియు సరిగా నున్నను గెయిన్ అతిగా నున్నచో పని చెడును. కారణము స్పష్టము. తరంగశిఖరములను చదును చేయుట యనగా బిగ్గరకును మెల్లనకును గల భేదమును చెరపివేయుట. కుడిచేయి తీగపై పడు తొలి దెబ్బ, అరచేతి అంచుతో తీగను నొక్కి వాయించు తాళపు పట్టు, ఒక దెబ్బకును మరియొక దెబ్బకును నడుమ గల మౌనము, ఇవియే రాక్ గిటారునకు బలము; అవియే గెయిన్ పెరిగినపుడు మొదట నశించునవి. వానికి మారుగా పికప్ పట్టుకొను విద్యుత్ గుయి, మన దేశమున 50 హెర్ట్జులదియు దాని అనుస్వరములును, స్వరముతో సమానముగా పైకి లేచును. 1980లో వచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బమున ఏసీ/డీసీ బృందపు మాల్కమ్ యంగ్ వాయింపును శ్రద్ధగా వినినవారికి, గోడవలె నిలిచినట్లు తోచు ఆ గిటారున డిస్టార్షన్ ఎంత స్వల్పమో తెలియగలదు. ప్రతి తీగయు విడివిడిగా వినబడును. ఒంటరిగా వినునపుడు కొంచెము తక్కువయైనదని తోచు గెయిన్, డ్రమ్ములును బేసును చేరినపుడు సరిపోవును; ఒంటరిగా వినునపుడు ఘనముగా తోచినది ఆ కూడికలో పొగయై కరిగిపోవును.

వెడల్పు కావలెననువారు దానిని గెయిన్‌లో గాక చేతితో సాధింపవలెను. ఒకే భాగమును రెండుమారులు వాయించి, ఒకదానిని ఎడమ ప్రక్కకును, రెండవదానిని కుడి ప్రక్కకును ఉంచుట స్టూడియోలలో ఎల్లరు నెరిగిన పద్ధతి. మొదటిదానికి నకలు తీసి రెండవ ప్రక్క నుంచుట వలన ప్రయోజనము లేదు; రెండు ప్రక్కల ఒకే తరంగమున్నచో చెవి దానిని నడుమనే వినును. మనుష్యుని రెండు వాయింపుల నడుమ గల స్వల్పభేదములే ఆ వెడల్పు. రెండును గాఢముగా చెదరినవైనచో ఆ భేదములు కలిసి ముద్దయగును. కావున రెండుమారులు వాయించునపుడు గెయిన్‌ను ఒంటరి వాయింపునకంటె ఇంకను తగ్గింపవలసియుండును. ఈ పని ఓర్పును కోరును. ఏ ప్లగిన్‌ను దీనిని వాదకుని బదులు చేయజాలదని నాకు సంతోషము.

వాల్వు ఆంప్లిఫయరు పక్షమువారి మాటలో నిజమున్నది. బిగ్గరగా మ్రోగు స్పీకరు ముందు నిలిచి వాయించునపుడు ఆ ధ్వని గాలిగుండ తిరిగివచ్చి తీగనే కంపింపజేయును. దానితో స్వరము ఆగక నిలుచును. హెడ్‌ఫోనులు ఆ అనుభవమును ఈయజాలవు. దానిని నేను తక్కువ చేయను. కాని అపార్టుమెంటులో నూరు వాట్ల ఆంప్లిఫయరును అది కోరు స్థాయిలో మ్రోగించుట ఎవరికిని సాధ్యము కాదు. మెల్లగా మ్రోగించినచో దాని పవర్ వాల్వులు తరంగమును చెదరగొట్టవు. కంప్యూటరు ఆలస్యము చేయుననుట అంత బలమైన ఆక్షేపణ కాదు. 128 కొలతల బఫరు వలన కలుగు ఆలస్యము సెకనులో సుమారు వేయింట మూడు వంతులు. పోకరాకలు రెండును కలిపినను, స్పీకరునుండి రెండు మీటర్ల దూరమున నిలిచినవానికి ధ్వని చేరుటకు పట్టు కాలమునకంటె అది ఎక్కువ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండలినుపై కర్ణాటక సంగీతమును పలికించి లోకమును మెప్పించిన తరువాత, తీగకును చెవికిని నడుమ ఏ యంత్రమున్నదన్న ప్రశ్న మన యింట ఇంకను మిగిలియుండరాదు.

గిటారు నేర్పు గురువులకు నాదొక విన్నపము. రికార్డింగును వేరొకరి పనిగా విడువక పాఠములోనే చేర్పుడు. ఒకే భాగమును నిర్మలముగా రికార్డు చేయించి, దానినే మూడు విధముల గెయిన్‌తో చెదరగొట్టించి, మూడింటిని సమానమైన బిగ్గరకు తెప్పింపుడు. బిగ్గరయైనదే మేలైనదిగా చెవికి తోచును గనుక ఈ సమీకరణము మరువరానిది. డ్రమ్ములను చేర్చి, ఏది యేదో తెలియకుండ పేర్లు మార్చి, వారము తరువాత శిష్యునికి వినిపించి, ఎన్నుకొమ్మనుడు.