విత్తనం గుట్టు మన చేతిలోనే ఉండాలి

అమెరికాలోని అయోవాలో 2011లో ఒక విత్తన కంపెనీ మొక్కజొన్న పొలంలో మోకాళ్ల మీద ఉన్న మనిషిని కంపెనీ ఉద్యోగి చూశాడు. పోలీసులు కూపీ లాగితే, హైబ్రిడ్లకు మూలమైన ఆడ, మగ రకాల గింజలు దొంగిలించి చైనాకు పంపుతున్న ముఠా బయటపడింది. మో హైలాంగ్ అనే అతనికి 2016లో మూడేళ్ల జైలు పడింది. కంపెనీ గింజకు అంత కాపలా!

మరి తాతల నాటి నుంచి మనం ఏరి దాచుకున్న వరి, కంది, మిరప రకాలకు కాపలా ఎవరు? జీపు దిగి నమూనా అడిగినవాళ్లకు టీ పోసి మరీ మూట కట్టిస్తున్నాం. రేపు అదే గింజ కొత్త పేరుతో ప్యాకెట్లో వస్తే నిలదీయడానికి మన దగ్గర కాగితం ముక్క ఉండదు.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతైనా, ఊరైనా తమ రకాన్ని నమోదు చేయించుకోవచ్చు. రైతుకు ఫీజు లేదు. అలాగని తోటి రైతుకు గింజ దాచనక్కర్లేదు. రక్షణ పొందిన రకాన్నయినా దాచుకోవడం, విత్తుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు వేయకుండా అమ్ముకోవడం 39వ సెక్షన్ ఇచ్చిన హక్కు. మన జాగ్రత్తంతా గింజను సొంతం చేసుకోవాలని వచ్చేవాడితోనే.

ప్రతి గ్రామ శాఖ ఈ సీజన్‌లోనే విత్తన రిజిస్టర్ తెరవాలి. రకం పేరు, దాని గుణాలు, ఎవరు ఎన్నాళ్లుగా పండిస్తున్నారో రాయాలి. బయటివాళ్లకు గింజ ఇస్తే ఎంత, ఎందుకు అని రాయించి సంతకం పెట్టించుకోవాలి. సంతకానికి వెనకాడేవాడికి గుప్పెడు కూడా ఇవ్వొద్దు.